ఓడి గెలిపించుట నేర్పుట కాదు

క్రొత్తగా కార్డుల ఆట నేర్చుకొనుటకు కూర్చున్న భార్యకుగాని భర్తకుగాని మొదటి కొన్ని ఆటలలో నేర్పువారే బుద్ధిపూర్వకముగా ఓడిపోవలెనను అభిప్రాయము ఆటగాండ్రలో వేదవాక్యమువలె చెల్లుబడి యగుచున్నది. ఏ ఆటబల్లకడనైనను ఒకడు వచ్చి, "మా ఆవిడకు ఈ ఆట నేర్పదలచినాను, ఎట్లు మొదలుపెట్టవలెను?" అని అడిగినచో, నియమముల ప్రసక్తి యెవరును ఎత్తకమునుపే నలుగురును ఏకకంఠముగా చెప్పు హితవు ఇదియే: "ముందు ఆమెను గెలువనిమ్ము, రుచి తగిలిన పిమ్మట తక్కినది దానంతట అదియే వచ్చును." ఈ మాట చెప్పువారు దుర్బుద్ధులు కారు. వారిలో పలువురు తమ ఇంటివారిని మనసార ప్రేమించువారే. తమకు ప్రియమైన వినోదమును తమకు ప్రియమైన మనిషితో పంచుకొనవలెనను సదాశయము కలవారే. అయినను వారి హితవు తప్పనియు, అది ఆటను చెరచుటయేగాక నేర్చుకొనువారి బుద్ధిని పక్కదారి పట్టించి, ఇరువురి నడుమ నుండవలసిన గౌరవమునకు గూడ లోపము కలిగించుననియు నా దృఢవిశ్వాసము.

నేను ప్రధానముగా ఉద్దేశించి చెప్పుచున్న ఆట 'మేజిక్: ది గ్యాదరింగ్'. గణితశాస్త్రమున డాక్టరేటు పొందిన రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా దేశీయుడు దీనిని కల్పింపగా, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అను సంస్థ 1993 ఆగస్టులో ప్రచురించినది. తరువాత పుట్టిన ట్రేడింగ్ కార్డు ఆటలన్నింటికిని ఇదియే మూలపురుషుని వంటిది. మన పేకాటలో అందరును ఒకే పేకనుండి ముక్కలు తీసికొందురు; ఇచట ఎవరి పేక వారిది. వేలకొలదిగా నున్న కార్డులనుండి తనకు నచ్చినవి యేరి, కనీసము 60 కార్డులతో ప్రతి యొక్కరును తమ డెక్‌ను కూర్చుకొని వత్తురు. చెరి 20 లైఫ్‌తో ఆరంభించి, ఏడేసి కార్డులు చేతికి తీసికొని, టర్నుకొక ల్యాండ్‌కు మించకుండ దించుచు, ఆ ల్యాండులిచ్చు మనా అను శక్తితో క్రీచర్లను పిలిచి, స్పెల్లులను ప్రయోగించి, ఎదుటివారి లైఫ్‌ను సున్నకు దింపుటయే ఆట. బల్లమీద నున్నది ఇద్దరికిని కనబడును. చేతిలో నున్నది పట్టినవారికి మాత్రమే కనబడును. ఈ కడపటి మాటను పాఠకులు మరువకుండవలెనని ప్రార్థన, ఏలయన నా వాదమునకంతకును మూలకందము అదియే.

ఒక సన్నివేశమును తీసికొందము. నేర్చుకొనుచున్న ఇల్లాలి ముందు గ్రిజ్లీ బేర్స్ అను ఎలుగుబంటి కార్డున్నది. దాని పవర్, అనగా కొట్టు బలము, రెండు; టఫ్‌నెస్, అనగా దెబ్బ కోర్చు బలము, రెండు. నేర్పుచున్న భర్త ముందు హిల్ జయంట్ అను రాక్షసుని కార్డు నిలిచియున్నది. దానికి మూడును మూడును. ఆమె ఎలుగుతో దాడి వెడలినది. అతడు రాక్షసుని అడ్డుపెట్టినచో ఎలుగు చచ్చును, రాక్షసుడు చెక్కుచెదరడు. కాని అతడు ఓడదలచి కూర్చున్నవాడు గనుక అడ్డుపెట్టడు, రెండు లైఫ్ పోగొట్టుకొని, "భేష్, మంచి దాడి!" యని మెచ్చుకొనును. ఆ మెప్పుతో ఆమె ఏమి నేర్చినది? తనకంటె బలమైన క్రీచరు మేలుకొని యెదుట నిలిచియున్నను నిర్భయముగా దాడి చేయవచ్చునని నేర్చినది. అది ఆటలో ప్రథమ పాఠమునకే విరుద్ధము. అట్టి పాఠములు నాలుగాటలలో నలువది పేరుకొన్న పిమ్మట, ఆమె వేరొకరితో ఆడి, చేసిన ప్రతి పనికిని దెబ్బతిని, తనకు బుద్ధి చాలదని తలచి లేచిపోయినచో ఆ నేరము ఆమెది కాదు. తెలియకపోవుట వేరు, తప్పు తెలిసియుండుట వేరు. తెలియనివారికి చెప్పవచ్చును గాని, మెప్పుతో స్థిరపడిన తప్పును ఊడబెరుకుట బహు కష్టము.

ఇది చిన్న నష్టమే. పెద్ద నష్టము వేరొకటి కలదు. అదే సన్నివేశములో ఆమె చేత జయంట్ గ్రోత్ అను కార్డున్నదనుకొనుడు. ఒక్క ఆకుపచ్చ మనాతో ప్రయోగించు ఆ ఇన్‌స్టంట్, ఒక క్రీచరు పవర్‌ను టఫ్‌నెస్‌ను ఆ టర్ను ముగియువరకు మూడేసి పెంచును. భర్త నిజముగా ఆడి రాక్షసుని అడ్డుపెట్టినాడు. ఆమె ఒక్క క్షణమాగి, ఆకుపచ్చ మనానిచ్చు ఫారెస్టు అను ల్యాండును ట్యాప్ చేసి, అనగా అడ్డముగా త్రిప్పి, ఆ కార్డును బల్లపై నుంచినది. రెండు రెండుల ఎలుగు ఐదు ఐదులదై రాక్షసుని కూల్చి తాను నిలిచినది. ఈ ఆటలో అడుగిడిన ప్రతివారికిని జీవితాంతము గుర్తుండు ఆనందము ఇదియే: నాకు తెలిసినది ఎదుటివానికి తెలియదు, వాడు తన మేలు కోరి చేసిన పనియే నాకు మేలైనది, ఇది నా యూహవలన జరిగినది. ఇక రెండవ మెట్టు ఇంకను సొగసైనది. చేతిలో ఆ కార్డు లేకున్నను ఉన్నట్లే ఒక ఫారెస్టును విడిచియుంచి, అదే ఎలుగుతో అంతే ధైర్యముగా దాడి చేసినచో, ఎదుటివాడు సందేహించి రాక్షసుని అడ్డుపెట్టక మానవచ్చును. కాని ఎదుటివాడు గెలువగోరువాడైనపుడే వాని సందేహమునకు అర్థము కలదు. ఓటమికి భయపడనివానిని బెదరించుట యెట్లు? ఓడుటకే వచ్చినవాని ముందు జయంట్ గ్రోత్ ఉన్నను ఒకటే, లేకున్నను ఒకటే. ఆమెకు గెలుపు నిచ్చితినని అతడు సంతోషించుచున్న ఆ ముహూర్తముననే, గెలుపునకు కారణము కాగల సమస్తమును ఆమె చేతినుండి లాగికొన్నవాడగుచున్నాడు.

చదరంగములో గురువు కావలెనని ఓడినచో ఆ లోపము బల్లపై బట్టబయలుగా నుండును. శిష్యుడు కొంత నేర్చిన పిమ్మట పాత ఎత్తులు తలచుకొని కనిపెట్టగలడు. ఈ ఆటలో అట్లు కాదు. ఎదుటి క్రీచరును కాల్చివేయగల లైట్నింగ్ బోల్ట్‌ను చేత పట్టుకొని, ఆట ముగియువరకు వేయక దాచి, చివరకు డెక్‌లో కలిపివేసినచో సాక్షి లేడు. చేతిముక్కలు కనబడవను నియమము ప్రత్యర్థుల చాతుర్యమునకై యేర్పడినది. దానిని ఈ దయామయులు తమ అసత్యమునకు తెరగా వాడుకొనుచున్నారు. కనుక నేనొక పరీక్షను ప్రతిపాదించుచున్నాను. ఆట ముగిసిన వెంటనే, నీ చేతిలో మిగిలిన కార్డులను ఆమె ముందు పరచి, ఏది ఎందుకు వేసితివో, ఏది ఎందుకు వేయలేదో చెప్పగలవా? చెప్పగలిగినచో నీవు నేర్పినవాడవు. పరచుటకు వెనుకాడితివేని, ఆ వెనుకాటయే నీవు చేసినదేమో నీకు చెప్పుచున్నది. నేర్చుకొనువారికి అత్యంతోపకారకమైన ఘడియ ఆట ముగిసిన పిమ్మటి ఘడియయే. దొంగయోటమి ఓడినవాడు ఆ ఘడియనే కోల్పోవుచున్నాడు, ఏలయన నిజము చెప్పినచో ఆమె గెలుపు గెలుపు కాకపోవును, చెప్పకున్నచో చెప్పుటకు వేరేమియు లేదు.

"అయినను, వరుసగా ఓడినవారు ఆటపై విరక్తులు కారా?" అని ప్రతిపక్షులు గట్టిగా అడుగుదురు. ఇది వారి పక్షమున నున్న ప్రబలమైన యుక్తి; దీనిని నేను తేలికగా త్రోసివేయను. విరక్తి కలుగుట నిజమే. కాని దేనివలన కలుగుచున్నదో వారు విచారింపలేదు. మనుష్యుని క్రుంగదీయునది ఓటమి కాదు, కారణము తెలియని ఓటమి. ఏండ్ల తరబడి ఆడి, పోటీలకై పదునుపెట్టి, నాలుగైదు టర్నులలో కథ ముగించునట్లు కూర్చిన డెక్‌ను తాను పట్టుకొని, పెట్టె యడుగున పడియున్న కార్డులను ఏదో యొక డెక్‌గా ఆమె చేతికిచ్చి, ఆమె రెండవ ల్యాండు దించకమునుపే బల్లయంతయు ఆక్రమించు భర్తలను నేను చూచియున్నాను. అట్టివారికి దొంగయోటమి తప్ప వేరు దయ తోచకపోవుట సహజమే. వారు సృష్టించిన అసమానతను వారే మరొక అసత్యముతో పూడ్చవలసివచ్చుచున్నది. అసమానత ఉన్నచోట దానిని తొలగింపవలెను. డెక్కులను సమానము చేయుడు. 2020లో వచ్చిన 'జంప్‌స్టార్ట్' ఇందుకు సరిగా అమరినది: ఇరువది కార్డుల పొట్లములు రెండు విప్పి కలిపినచో 40 కార్డుల డెక్ సిద్ధము, ఇద్దరును అప్పుడే విప్పినవారు గనుక, తన డెక్‌లో నేమున్నదో నేర్పువానికిని ముందుగా తెలియదు. అంత కూడ అక్కరలేదు. ఇంట నున్న కార్డులతోనే సమబలముగల రెండు డెక్కులు కూర్చి, ఏది కావలెనో ఆమెనే మొదట యెంచుకొననిచ్చి, రెండవ ఆటకు డెక్కులు తారుమారు చేసికొనినను చాలును.

డెక్కులు సమానమైన పిమ్మట, ఆటలో పొందుపరచియున్న అదృష్టమే తక్కిన పని చేయును. 60 కార్డులలో 24 ల్యాండులున్నవనుకొనుడు. మొదట చేతికి వచ్చు ఏడింటిలో ల్యాండులు బొత్తిగా లేకుండుటయో, ఒక్కటే యుండుటయో, లేక ఆరో ఏడో పోగుపడుటయో నూటికి ఇంచుమించు 16 మార్లు సంభవించునని లెక్క తేలుచున్నది. అట్టి చేతిని డెక్‌లో కలిపి మరల తీసికొనుటకు మల్లిగన్ అను వెసులుబాటు కలదు గాని, దానికి ఒక కార్డును మూల్యముగా చెల్లింపవలెను. ఎంతటి ప్రవీణుడైనను మనా లేక చేతులు ముడుచుకొని కూర్చుండు ఆటలు, కొండంత మనా యున్నను ప్రయోగించుటకు ఏమియు లేని ఆటలు అనివార్యముగా వచ్చును. గార్ఫీల్డ్ దీనిని లోపముగా నెంచలేదు. అదృష్టమునకు చోటున్న ఆటలోనే నేర్పరియు నూతనుడును కలసి కూర్చుండి ఆడగలరని వాదించినవాడాయన. 2012లో మరి యిద్దరితో కలసి వ్రాసిన 'క్యారక్టరిస్టిక్స్ ఆఫ్ గేమ్స్' అను గ్రంథమున అదృష్టమును నైపుణ్యమును ఒకదానికొకటి శత్రువులు కావని సావకాశముగా చర్చించినాడు. అనగా, నూతనులు నిజముగా గెలుచు దినము ఆట నిర్మాణములోనే యున్నది. ఆ దినము కొంత ఆలసించి రావచ్చును. వచ్చినపుడు మాత్రము అది ఆమెదే. భర్త దయకు అందులో పాలు లేదు. దానికి ముందుగా ఒక నకిలీని ఆమె చేత పెట్టినవాడు, అసలుది వచ్చిననాడు ఆమె దానిని నమ్మకుండునట్లు చేసినవాడగును.

సాయము చేయవలదని నేను చెప్పుట లేదు. సాయము కనబడవలెనని చెప్పుచున్నాను. పల్లెలలో ఈత నేర్పువారు పిల్లవాని వీపున ఎండిన సొరబుర్రలు కట్టి బావిలో దింపుదురు. ఆ బుర్రలు వానికిని తెలియును, గట్టున నిలిచి చూచువారికిని తెలియును, ఒకనాడు వానిని విప్పివేయుదురనియు తెలియును. ఆటలలో ఈ మర్యాద బహుప్రాచీనమైనది. గో ఆటలో బలహీనుడు రెండు మొదలు తొమ్మిదివరకు రాళ్లను ఆట ఆరంభమునకు ముందే పలకపై నుంచుకొనును. చదరంగములో ఐరోపా ఖండమున మేటి ఆటగాండ్రను గెలిచి 1859లో స్వదేశమునకు మరలిన పాల్ మార్ఫీ, ఒక బంటును, మొదటి ఎత్తును వదలుకొని ఎవరితోనైనను ఆడుదునని బహిరంగముగా ప్రకటించెను. అట్లు ఇచ్చుకొన్న పిమ్మట ఆ మహనీయులు ఆటను పూర్తిశక్తితోనే ఆడిరి. ఈ కార్డుల ఆటలోను అట్లే చేయవచ్చును: నేను 20కి బదులు 14 లైఫ్‌తో మొదలుపెట్టుదుననియో, నీవు మొదట ఒక కార్డు ఎక్కువ తీసికొనుమనియో బాహాటముగా చెప్పి, ఆమె యంగీకరించినచో ఆ మీదట నిర్దాక్షిణ్యముగా ఆడవలెను. ఆమె "అక్కరలేదు, సమానముగానే ఆడుదము" అనినచో ఆ మాటకు తలయొగ్గవలెను. కానుకను కాదను హక్కు గ్రహీతకు ఉన్నప్పుడే అది కానుక. రహస్యముగా నిచ్చిన గెలుపును కాదనుటకు ఆమెకు వీలెక్కడిది?

ఈ ఆటను కల్పించినవాని జీవితములోనే ఇందుకొక మనోహరమైన దృష్టాంతము కలదు. గార్ఫీల్డ్ తాను వరించిన యువతిని వివాహమునకు అర్థించుటకై 1993లో 'ప్రపోజల్' అను కార్డునొకదానిని ప్రత్యేకముగా తయారు చేయించెను; దానికి బొమ్మ వేసినవాడు క్వింటన్ హూవర్. ఆమె సమ్మతించినచో ఇద్దరును గెలిచినట్లే యనియు, ఇద్దరి కార్డులును కలసి ఉమ్మడి డెక్ అగుననియు ఆ కార్డు ఫలము. దానిని అతడు తన డెక్‌లో నుంచి, అది చేతికి వచ్చి ప్రయోగించుటకు అదను దొరకువరకు ఆటవెంట ఆట ఆడెనని చెప్పుదురు. ఇద్దరును గెలువవలెనని కోరినవాడు ఆ కోరికను కార్డుపై అచ్చొత్తించి బల్లమీద నుంచినాడు. ఆమె చదివి, అవునో కాదో చెప్పుటకు చోటిచ్చినాడు. ప్రేమను ఆటలోనికి తెచ్చుటకు ఇంత నిండైన మార్గ ముండగా, చేతిలో కార్డు దాచి ఓడిపోవుటను ప్రేమయని పిలుచువారిని చూచి నాకు దుఃఖము కలుగుచున్నది.

ఇక చెప్పక తప్పనిది మరొకటి. ఈ హితవు ఆచరణలో ఎవరిపై ప్రయోగింపబడుచున్నది? క్రొత్తగా వచ్చిన స్నేహితునికి, తమ్మునికి, ఆఫీసులో తోటివానికి ఎవరును కావలెనని ఓడిపోరు. "రెండాటలు ఓడితే వాడే నేర్చుకొనును" అందురు. భార్య కూర్చున్నపుడు మాత్రము ఈ దయ పొంగి వచ్చును. మన ఇండ్లలో అష్టాచెమ్మా ఆడునపుడు పసిపిల్లలు ఏడ్వకుండ పెద్దలు ఓడిపోవుట కద్దు. పసివానికి ఆట ఇంకను ఆట కాదు, పెద్దల నడుమ కూర్చుండుటయే వానికి సంబరము. ఇల్లాలిని ఆ పసివాని పీటపై కూర్చుండబెట్టుటకు ఎవరికధికారమున్నది? ఇంటి లెక్కలు చూచుకొనుచు, ఉద్యోగము నిర్వహించుచు, నలుగురి మనస్సులెరిగి మెలగు మనిషికి, ఎలుగు రాక్షసునిచేత చచ్చినదను వార్త భరింపరానిదగునా? 2013లో మాంట్రియల్ నగరమున జరిగిన ప్రో టూర్ అను ఈ ఆట పోటీలో మెలిస్సా డిటోరా చివరి ఎనిమిదిమందిలో నిలిచి, ఆ స్థానమును పొందిన మొదటి మహిళ యైనది. ఆ స్థాయికి చేరుటకు ఎన్ని నిజమైన ఓటములు కావలెనో పోటీలాడినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఓటమిని దాచుటయనగా ఆ త్రోవను మొదటనే మూసివేయుట.

పాఠమును సులభము చేయుటకును, పోటీని అబద్ధము చేయుటకును గల భేదమును కూడ ఇచట తెలుపవలెను, ఏలయన ఈ రెంటిని కలిపివేసి మాటలాడుట పరిపాటి. మొదట ఇన్‌స్టంట్లు తక్కువగా, క్రీచర్లు ఎక్కువగా నున్న డెక్కులు తీసికొనుట మంచిది. మొదటి ఆటను ఇద్దరును చేతులు విప్పి ఆడినను తప్పులేదు; అందరు చూచుచుండగా చేసినది గనుక అందులో మోసము లేదు. వేసిన కార్డును వెనుకకు తీసికొననిచ్చుట, నియమము మరచినపుడు జ్ఞాపకము చేయుట కనీసధర్మములు. కాని ఆటనే మార్చివేసినచో ప్రయోజన ముండదు. ప్రచురణకర్తలే 1997లో నూతనులకై 'పోర్టల్' అను సంపుటిని వెలువరించి, అందు ఇన్‌స్టంట్లు, ఆర్టిఫాక్టులు, ఎన్‌చాంట్‌మెంట్లు అను కార్డురకములను తీసివేసిరి; ఆ సంపుటిలో మాత్రమే యున్న కార్డులకు 2005 వరకు అధికారిక పోటీలలో ప్రవేశమే లేకపోయినది. దానితో నేర్చినవారు అసలు ఆటకు వచ్చునప్పటికి సగము మరల నేర్చుకొనవలసివచ్చినది. భారమును తగ్గించుడు, సత్యమును తగ్గింపకుడు. అట్లని ప్రతి ఎత్తును నేర్పువాడే నిర్దేశించుటయు సమ్మతము కాదు. "అది వేయకు, ఇది వేయుము" అని ఆమె చేతితో తానే ఆడువాడు ఒంటరిగా ఆడుచున్నాడు.

ఈ దొంగయోటములు దాగవు. ఆమె తెలివిగలదైనచో, నేర్చినకొలది ఆ పాత ఆటలు ఆమె మనస్సున మెదలును. ఆనాడు రాక్షసుడు ఎందుకడ్డు రాలేదో అర్థమగును. అప్పుడామె, "ఏమండీ, కావలెననే ఓడిపోయితిరా?" అని అడిగినచో భర్త ఏమి చెప్పగలడు? లేదని బొంకినచో మొదటి అబద్ధమునకు రెండవది తోడగును. అవునన్నచో, ఆ సాయంకాలములలో ఆమె పొందిన సంతోషములన్నియు ఒక్క మాటతో తిరిగి తీసికొన్నట్లగును. ఆ మీదట ఆమె నిజముగా గెలిచిన ఆటను గూడ అనుమానించును. ఇంతకు సిద్ధపడి ఎవడైనను ఓడునా? అన్నిటికిని పిమ్మట, నిజమైన ఆట రుచించక ఆమె లేచిపోయినచో లేచిపోనిండు. అది ఆమె అభిరుచి, దానిపై మనకు దావా లేదు. అబద్ధపు ఆటతో ఒకరిని బల్లకడ కట్టివేయుటకంటె, నిజమైన ఆటను చూచి వలదన్నవారిని గౌరవించుట మేలు.

ఆమె తన మొదటి డెక్‌ను తానే కూర్చుకొని తెచ్చిననాడు ఈ ప్రలోభము మరింత బలముగా నుండును. అందు ల్యాండులు తక్కువగా నుండును. ఏడెనిమిది మనా కావలసిన మహాకాయములు, బొమ్మ బాగున్నదని చేర్చినవి, డజనుకు తక్కువ కాకుండ ఉండును. మూడవ ల్యాండువద్ద ఆగిపోయి ఆమె చేతినిండ కార్డులతో కూర్చున్నపుడు, ఎదుటివానికి చేయి రాకపోవుట నే నెరుగుదును. అయినను ఆడవలెను, పూర్తిగా ఆడవలెను. అట్లు ఆడినందువలననే ల్యాండులెన్ని కావలెనో ఆమెకు ఆ డెక్‌యే చెప్పును. ఆట ముగిసినపిమ్మట చేతికార్డులు పరచి చూపి, ఏ కార్డు తీయవలెనో, ఏది చేర్చవలెనో ఆమె అడుగువరకు ఊరకుండి, అడిగిననాడు తెలిసినదంతయు చెప్పవలెను.